చల్లటి చెయ్యి

…అయితే ఇది తట్టు కాదు, ఆటలమ్మే అయి ఉండాలి, ఎందుకంటే వీపు కింద వేపాకు గుచ్చుకుంటోంది. రూతమ్మ ఆంటీ ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి, అయినా పిల్లలకు ఆటలమ్మ పోసినప్పుడు మాత్రం ఊరివాళ్ల మాట విని పక్కల మీద వేపరెమ్మలు పరిపించింది. ఆ పచ్చి వాసన ఇప్పుడు ముక్కులో ఉంది. పక్క మంచం మీద సలోమి మోచేతులు గోక్కుంటోంది. గోకావంటే చేతులు కట్టేస్తానని ఆంటీ వరండాలోంచే అరుస్తోంది. జక్రయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే పెదవి పగిలి మండింది. ఆ మంట మాత్రం ఇప్పటిది. ముప్పై దాటిన మనిషి పెదవి అది, విశాఖపట్నంలో, సముద్రం కనపడే పరిశోధన ఆసుపత్రిలో, ఉతికిన తెల్ల దుప్పటి మీద. దుప్పటి కింద ఆకులేమీ లేవని అతనికి తెలుసు. తెలిసినా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

"ఎక్కడున్నారండి ఇప్పుడు?"

మాస్కు పైన రెండు కళ్లు. కుసుమ సిస్టర్. ఈ వార్డులో జ్వరం చూసే ముందు ఆ ప్రశ్న అడగాలి, అది డాక్టరుగారు పెట్టిన నియమం.

"హోమ్‌లో. బాపట్ల దగ్గర."

"ఎన్నేళ్లుంటాయి మీకు?"

"ఆరో ఏడో. వేపాకు మీద పడుకోబెట్టారు."

"అయితే నిన్నటికంటే బాగా కిందకి దిగిపోనారన్నమాట. దురద గాని ఉందా?"

"ఉంది. మీరు చూస్తే ఏమీ కనపడదు."

"చూసినాను. ఏటీ లేదు. గోకకండి మరి."

"మీరూ చేతులు కట్టేస్తారా?"

"ఏటండి?"

"ఏం లేదు," అని కళ్లు మూసుకున్నాడు.

కాగితం మీద ఆ సూదికి పొడవాటి పేరుంది. వార్డులో మాత్రం అందరూ పిలుపుమందు అంటారు. హెచ్‌ఐవి పట్టిన మనిషికి రోజూ వేసుకునే మాత్ర, ఆరు నెలలకోసారి వేయించుకునే సూది, ఏదైనా మేలుకున్న వైరస్‌నే ఆపగలదు. కొన్ని కణాల్లో అది నిద్రపోతూ ఉంటుంది. అవి ఒంటికి జ్ఞాపకాల్లాంటి కణాలు. ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుంచుకుని ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటాయి. మందు మానేస్తే అక్కణ్ణుంచే మళ్లీ లేస్తుంది. పిలుపుమందు వాటిని నిద్రలేపుతుంది, కొత్తవి ముందు, పాతవి తర్వాత, పొర తర్వాత పొర. లేచినవాటిలో వైరస్ ఉన్నవాటిని చంపడానికి, జక్రయ్య రక్తంలోంచే తీసి, ప్రయోగశాలలో నేర్పించి తిరిగి ఎక్కించిన కణాలు కాచుకుని ఉంటాయి.

అంతవరకూ అనుకున్నట్టే జరిగింది. అనుకోనిది ఒకటుంది. లేచిన ప్రతి కణమూ తన పాత శత్రువు మళ్లీ వచ్చిందనుకుంటుంది. దాంతో మనిషి తన జీవితంలో పడ్డ జ్వరాలన్నీ చివరిదాని నుంచి మొదటిదాని దాకా మళ్లీ పడతాడు. ఒళ్లు ఆ వేడికి వచ్చేసరికి మనసు కూడా ఆ గదికి వెళ్లిపోతుంది. మందు వేయించుకున్న మొట్టమొదటి మనిషి, కర్నూల్లో బట్టల కొట్టు ఆయన, మూడో సూది తర్వాత ఒక మధ్యాహ్నమంతా చనిపోయిన నాయనమ్మతో ఉల్లిపాయల ధర గురించి పోట్లాడాడట. ఆ సంగతి పేపర్లో చదివిన రోజే జక్రయ్య గుంటూరు నుంచి దరఖాస్తు పంపాడు. నయం కావాలని ఉందా అని అడిగితే ఉందన్నాడు. అది అబద్ధం కాదు. కానీ అతన్ని రైలెక్కించింది అది కాదు.

మొదటి సూదికి గుంటూరు గదిలో డెంగీ వచ్చింది. పక్కన బ్రెడ్డు ప్యాకెట్టు తప్ప ఎవరూ లేరు. తర్వాత ఐటిఐ హాస్టల్లో టైఫాయిడ్. అక్కడా ఎవరూ లేరు, తలుపు సందులోంచి ఎవరో గ్లాసు నెట్టి వెళ్లిపోయారు. కిందకి దిగేకొద్దీ రూతమ్మ ఆంటీ కనపడసాగింది. ఆంటీ కనపడే జ్వరాలకూ కింద, అట్టడుగున, ఇంకొక జ్వరం ఉండి తీరాలి. దాని పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాలి.

*

జ్వరం దిగాక డాక్టర్ నీరజాక్షి వచ్చి కుర్చీ దగ్గరగా లాక్కుంది. జుట్టు నెరిసిన సన్నటి మనిషి. మంచి వార్తనైనా ఆచితూచి చెప్పడం ఆమెకు అలవాటు.

"అడుగున ఒక్క పొర మిగిలింది జక్రయ్యా. నమూనా తీసి చూశాం. పై పొరల్లో దొరికినది మీలో పెరిగి, మీ మందులకు తట్టుకుంటూ మారిపోయిన వైరస్. ఇందులోది మారలేదు. మీరు పాలు తాగే రోజుల్లో దాక్కుని అలాగే నిద్రపోయింది."

"అంటే మా అమ్మదా?"

ఆమె చేతిలోని కాగితం ఇంకోసారి చూసింది. "అమ్మ నుంచి ఎలా వచ్చిందో దాదాపు అలాగే ఉంది."

"అదీ పోతే అమ్మది ఇంక నాలో ఏమీ మిగలదు."

"అదేం మాట? మీ ముక్కు ఉంది, గొంతు ఉంది. మీలో సగం ఆవిడే కదా."

"ఏ సగమో నాకు తెలియదు మేడమ్. ఇదైతే తెలుసు."

డాక్టరు చేతిలోని కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నేను వేయించుకోను," అన్నాడు జక్రయ్య. "మాత్రలేసుకుంటా. ఇన్నాళ్లూ ఏసుకోలా?"

"అది మీ హక్కు. ప్రమాదమేమీ లేదు, ఇప్పటిదాకా ఉన్నట్టే ఉంటారు. అయితే ఒక మాట. చెప్పకపోతే దాచినట్టవుతుంది కాబట్టి చెప్తున్నా. మొదటి బ్యాచ్‌లో పుట్టుకతో వచ్చినవాళ్లు మీరొక్కరే. మీలాంటి వాళ్లకోసం రెండో బ్యాచ్ పెట్టాలంటే అడుగు పొర దాకా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన మనిషి ఒకరైనా ఉండాలి. లేకపోతే కమిటీ ఒప్పుకోదు."

"ఎప్పట్లోగా చెప్పాలి?"

"సోమవారం. అది దాటితే పై పొరలు సద్దుమణుగుతాయి. ఇంకోసారి పిలిస్తే పలుకుతాయో లేదో నాకు తెలియదు."

ఆమె వెళ్లాక జక్రయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుంటూరులో అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు చూసుకుంటాడు. పైకప్పు దాకా బస్తాలు, మధ్యలో మనిషి పట్టేంత సందు, మసక దీపాలు. లోపలికి వచ్చిన హమాలీలు పని కాగానే బయటికి పరుగెడతారు. అతనికి మాత్రం అక్కడే బాగుండేది. కిందటేడు కోసిన కాయ రంగు చెడకుండా అక్కడ నిద్రపోతుంది. ఎవరూ ఎవర్నీ తాకనక్కర్లేని చోటు. లోకమంతా సూదికి మారినా అతను మాత్ర మానలేదు. ఎనిమిదింటికి ఫోన్ మోగితే మాత్ర మింగి, అద్దం ముందు నిలబడి నాలిక బయటపెట్టేవాడు. హెచ్‌ఐవితో పుట్టిన పిల్లలను పెంచిన ఆ హోమ్‌లో అది పద్ధతి. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలంతా వరసలో నిలబడాలి, మింగాలి, నాలిక చాపి ఆంటీకి చూపించాలి. ఆ హోమ్ ఇప్పుడు లేదు. తల్లి కడుపులో ఉండగానే కనిపెట్టి మందిస్తే బిడ్డకు రాదు. ఏడాదికేడాది కొత్త పిల్లలు తగ్గి, చివరికి ఒక్కరూ రాకపోతే తాళం వేశారు. లోకానికి అంతకంటే మంచి వార్త లేదు. ఆ వార్త విన్నరోజు అతను కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. తన భాష మాట్లాడేవాళ్లు ఇక పుట్టరని తెలిసిన మనిషిలా.

అమ్మ ఫొటో లేదు. ఊరి పేరు లేదు. ఆమె పోయాక ప్రభుత్వాసుపత్రివాళ్లు ఏడాదిన్నర పిల్లవాణ్ణి తువ్వాలులో చుట్టి హోమ్‌కి ఇచ్చారు. రూతమ్మ ఆంటీ చెప్పిన మాట ఒక్కటే ఉంది. "మీ అమ్మది చల్లటి చెయ్యిరా. నీకు జొరమొస్తే నుదుటి మీద పెట్టేది. ఎంత జొరమైనా ఇట్టే దిగిపోయేది." తర్వాతెప్పుడో, కాస్త పెద్దయ్యాక, పిల్లలంతా మేడ మీద కూర్చుని అమ్మల గురించి చెప్పుకున్నారు. నాకూ చల్లటి చెయ్యే అంది సలోమి. నాకూ అన్నాడు ఇంకొకడు. ఆంటీ అందరికీ ఒకే అమ్మనిచ్చిందని తెలిసి పొట్టలు పట్టుకుని నవ్వారు. జక్రయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపల ఒక లెక్క వేసుకున్నాడు. అందరికీ చెప్పడానికి ఆంటీకి ఎక్కడో ఒకచోట ఆ చెయ్యి కనపడి ఉండాలి కదా. అది తన అమ్మదే ఎందుకు కాకూడదు?

*

సలోమి వచ్చేసరికి సముద్రం మీద పూర్తిగా చీకటి పడింది. జ్వరాల వార్డులోకి బయటివాళ్లను రానివ్వరు. అద్దానికి ఇటొక ఫోను, అటొక ఫోను. ఆర్టీసీ కండక్టరు ఖాకీ చొక్కా మీదే వచ్చింది. మనిషి బాగా చిక్కింది.

"ఏందిరా జక్రీ, అద్దాల తొట్లో చేపలాగా ఉన్నావు?"

"లీవు దొరికిందా?"

"దొరక్క? మా బాబాయికి బాలేదని చెప్పా."

"నీకు బాబాయెక్కడున్నాడు?"

"అందుకేగా, ఎంత బాలేకపోయినా నాకు బెంగ లేదు."

ఇద్దరూ నవ్వారు. హోమ్ పిల్లలు మాత్రమే నవ్వగలిగే నవ్వు అది. తర్వాత సలోమి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"రెండో బ్యాచ్ ఆపారని నాకు ఫోనొచ్చింది. ఎవరో వద్దన్నారంట. పేరు చెప్పలా. నాకు చెప్పాలా ఏంది?"

"నువ్వెందుకు దరఖాస్తు పెట్టావు? సూదులున్నాయిగా."

"ఉన్నాయి. నాకు పనిచెయ్యట్లా."

అతను అర్థం కానట్టు చూశాడు.

"చిన్నప్పుడు మాత్ర చేదుగా ఉందని నాలిక కింద పెట్టుకునేదాన్ని గుర్తుందా? ఆంటీకి నాలిక చూపించి, వెనక్కిపోయి కిటికీలోంచి ఊసేదాన్ని. నువ్వు కాపలా కాసేవాడివి. అట్టా రోజుమార్చి రోజు వేసుకుంటే దానికి మందులన్నీ అలవాటైపోయినయ్యంట. ఆరు నెలల సూది ఎగిరిపోయింది. దాని తర్వాతదీ పోయింది. ఇంకొక్కటుంది. అదీ ఎన్నాళ్లో చెప్పలేమన్నారు."

"ఎప్పటినుంచి?"

"ఏడాదైంది."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేస్తావు? వచ్చి పక్కన కూర్చుంటావా? బస్సులో చెయ్యి తగిల్తే సీటు మారే మనిషివి."

నిజమే. ఒకసారి తెనాలి బస్సులో, డ్యూటీ దిగిన సలోమి అలిసిపోయి అతని పక్కన కూర్చుంది. కునుకు పట్టి ఆమె చెయ్యి అతని మోచేతి మీద పడింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమెకూ తనకూ ఉన్నది ఒకటే, భయపడాల్సిందేమీ లేదు. చెయ్యి తగిలితే రాదని చదవడం నేర్చినప్పటినుంచీ తెలుసు. తెలిసినా నిలబడ్డాడు. ఊరి బడిలో పిల్లలు అతని పలక ముట్టుకోకుండా పక్కకు జరిగినప్పుడు ఒంట్లో ఎక్కడో పడుకున్నది ఏదో ఉంది. దాన్ని ఏ మాత్రా చేరలేదు. సలోమి ఆ తర్వాత మళ్లీ అతని పక్కన కూర్చోలేదు.

"అడుగునున్నది మా అమ్మది సలోమీ," అన్నాడు. "అది పోయిద్దని…"

"అది పోయిద్దని కాదు నీ భయం." ఆమె గొంతు తగ్గింది. "జొరంలో అమ్మ ఉండదేమోనని. అంతేగా? ఒక్కసారే వచ్చే జొరం. అప్పుడు కూడా పక్కన ఎవరూ లేకపోతే ఇంక ఎక్కడ ఎతుక్కుంటావు?"

జక్రయ్య అద్దం మీద తన ఊపిరి మరకను తుడిచాడు.

"ఆంటీ నాకూ చెప్పిందిరా, చల్లటి చెయ్యని."

"తెలుసు."

"తెలిసీ పట్టుకున్నావు. పట్టుకో. కానీ నన్ను చూసి మాత్రం వేయించుకోవద్దు. తర్వాత జన్మంతా నా నెత్తినేసి కూర్చుంటావు."

అప్పుడే అతని ఫోన్ మోగింది. ఎనిమిది. జక్రయ్య మాత్ర తీసి నీళ్లతో మింగాడు. మింగి, ఆలోచించకుండానే, అద్దం వైపు తిరిగి నాలిక చాపాడు. సలోమి ముఖం అద్దానికి దగ్గరగా తెచ్చి, ఆంటీలాగే కళ్లు చిట్లించి చూసింది.

"కింద కూడా. పైకెత్తు."

అతను నాలిక పైకెత్తి చూపించాడు. ఆమె తలూపింది. సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సోమవారం ఉదయం కుసుమ సిస్టర్ పరుపు సర్దుతుంటే జక్రయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"డాక్టరుగారిని పిలవండి సిస్టర్. వేసెయ్యమనండి."

*

ఈసారి గది లేదు. వాసన లేదు. మంచమో నేలో తెలియదు. మిగతా జ్వరాల్లో తనెక్కడున్నాడో పేరు పెట్టగలిగాడు. ఇక్కడ పేర్లు ఇంకా పుట్టలేదు. వేడి ఒక్కటే ఉంది, అది కూడా ఒంట్లో వేడిలా లేదు, ఒళ్లు అనేది ఒకటుందని తెలియనివాడికి వేడి ఎలా ఉంటుందో అలా ఉంది. ఎక్కడో పైనుంచి పెద్దవాడైన జక్రయ్య చూస్తున్నాడు, ఇప్పుడు వస్తుంది, చల్లగా వస్తుంది అని ఎదురుచూస్తున్నాడు.

వచ్చింది.

నుదుటి మీద పడింది. ఉలిక్కిపడ్డాడు. అది చల్లగా లేదు. కాలిపోతోంది. తనకున్న జ్వరం దాని ముందు ఏపాటిదీ కాదు. అది కాసేపుండి బుగ్గ మీదికి జరిగింది, అక్కణ్ణుంచి మెడ కిందకి, అక్కడ తడి ఉన్నచోట ఆగింది. తర్వాత అంతకంటే వెడల్పైనది, బరువైనది, బహుశా ఒక బుగ్గ, అతని పొట్ట మీద ఆనింది. వేడి ఊపిరి గబగబా తగులుతోంది. అది వదల్లేదు. అటు తిప్పి ఇటు తిప్పి, ఒక్కోచోటు వేడెక్కగానే పక్క చోటుకు జరుగుతూ ఆనుకుంటూనే ఉంది.

పైనుంచి చూస్తున్న జక్రయ్యకు ఇది చాలాసేపు అర్థం కాలేదు. తన ఆసుపత్రి గదిలో రెండు పెద్ద ఫ్యాన్ల కింద వణుకుతూ, ఆ చెయ్యి తన జ్వరం దించడానికి రాలేదని గ్రహించాడు. దానికే ఎక్కువ జ్వరం. అది చల్లదనం వెతుక్కుంటోంది. ఆ గదిలో, అది ఏ గదైనా, చల్లగా ఉన్నది పిల్లవాడొక్కడే.

"ఎక్కడున్నారండి?" కుసుమ సిస్టర్ గొంతు.

ఆమె మళ్లీ అడిగింది.

"ఆమెకే ఎక్కువుంది సిస్టర్," అన్నాడు. "నాకంటే ఆమెకే ఎక్కువ."

"ఎవరికండి?"

కణతల మీదుగా నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. సిస్టర్ చెమటనుకుని తుడిచింది.

*

తర్వాత పరీక్షలు చేశారు. మాత్ర ఆపించి మళ్లీ చేశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. డాక్టర్ నీరజాక్షి ఈసారి ఆచితూచకుండా చెప్పేసింది, చెప్పి అతని చెయ్యి పట్టుకోబోయి, అతని ముఖం చూసి, కుర్చీ చెయ్యి పట్టుకుంది.

జక్రయ్య గుంటూరు వచ్చి పనిలో చేరాడు. సంతోషంగా ఉందా అని అడిగేవాళ్లు లేరు కాబట్టి జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఎనిమిదింటికి ఫోన్ మోగేది. అలారం తీసెయ్యడానికి వేలు పోలేదు. అద్దం ముందు నిలబడేవాడు, ఉత్త నోట్లోని ఉత్త నాలికను చూసుకునేవాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు అనిపించేది, కానీ వెళ్లినవాళ్లెవరో, ఇల్లెవరిదో తేలేది కాదు. ఆ చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే కథ అయిపోతుంది, రూతమ్మ ఆంటీ చెప్పినటువంటి కథ. ఇది కథ కాదు. ఎవరూ కల్పించి చెప్పలేనిది. మంచి అమ్మను కల్పించాలనుకున్నవాళ్లెవరూ బిడ్డ మీద ఒళ్లు చల్లార్చుకునే అమ్మను కల్పించరు. అందుకే అది తనది, తన ఒక్కడిది. కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య నిలబడి ఒక్కోసారి నుదురు తడుముకునేవాడు. చల్లగా ఉండేది.

రెండో బ్యాచ్ మొదలైంది. సలోమి ఫోన్లో ఒకటే మాట చెప్పేది. "రావొద్దు. వచ్చి అద్దం బయట బొమ్మలాగా నిలబడతావు. నాకేం ఉపయోగం?" తర్వాత కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు. అతను వార్డుకు చేశాడు. "బాగా కిందకి దిగిపోనారండి," అంది కుసుమ సిస్టర్. "జ్వరం ఎక్కువగానే ఉంది. డాక్టరుగారు పక్కనే ఉంటన్నారు. ఇప్పుడు నియమం మార్చినారు, మాస్కు పెట్టుకుని ఒక మనిషి లోపలికి రావొచ్చు. ఈవిడకి ఎవరూ రానేదు."

మధ్యాహ్నానికి జక్రయ్య ఆ గది గుమ్మంలో ఉన్నాడు. తను పడుకున్న మంచమే. గుమ్మంలోంచి ఆ మంచాన్ని చూడటం కొత్తగా ఉంది. సలోమి కళ్లు మూసుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. ఒక చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కదులుతూ, బట్టలో చల్లటి చోటు ఎక్కడుందో వెతుకుతోంది.

కుసుమ సిస్టర్ వంగి అడిగింది. "ఎక్కడున్నారండి ఇప్పుడు?"

సలోమి తల అటు తిప్పుకుంది. సిస్టర్ అతని వైపు చూసి, కుర్చీ చూపించి, బయటికి వెళ్లింది.

జక్రయ్య కుర్చీలో అంచున కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. చాలాసేపు ఆ వెతుకుతున్న చేతినే చూశాడు. ఏదైనా అనాలనిపించింది, ఎగతాళిగా, ఆమెకు కోపం తెప్పించి కళ్లు తెరిపించేలా. చెయ్యి దుప్పటి అంచు దాకా వచ్చి, అక్కడా చల్లదనం లేక వెనక్కి తిరిగింది.

అతను లేచి నిలబడ్డాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాలిపోతున్న ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి తన నుదుటి మీద పెట్టుకున్నాడు.